పలుపు కోసిన మనిషి

కువైట్‌లోని ఈ వఫ్రాలో ఎండాకాలపు నిప్పుకు ఒక తెలివి ఉంది. మనుషులు మేలుకుని పనిలో ఉన్నప్పుడు రాదు. జూన్ నుంచి ఆగస్టు దాకా మిట్టమధ్యాహ్నం ఎవరితోనూ బయట పని చేయించకూడదని ఇక్కడి ప్రభుత్వం రూలు. ఆ వేళకు తోటల్లో పనిచేసే వాళ్ళందరూ గదుల్లో చేరి పడుకుంటారు. సరిగ్గా అప్పుడే ఏ ఎండు ఖర్జూరపు మట్టల్లోనో, మోటరు వైర్ల దగ్గరో పొగ లేస్తుంది. ఎండలో పని చేయకూడదన్న రూలు నిప్పుకు వర్తించదు కదా. ఆర్పే వాళ్ళకూ వర్తించదు.

ఇక్కడి తోటను మజ్రా అంటారు. ఖర్జూరపు చెట్లు, నాలుగు గ్రీన్‌హౌస్‌లు, ఒక గొర్రెల దొడ్డి, శుక్రవారం పూట యజమానులు వచ్చి కాళ్ళు చాపుకోవడానికి ఒక బంగళా. ఒక కంచె పక్కన ఇంకో కంచెగా అలాంటి మజ్రాలు చూపు ఆనినంత దూరం ఉన్నాయి. నిప్పు పడితే ఫైరింజన్ వస్తుంది, రాదని నేననను. ఫోన్ చేసిన వెంటనే బయల్దేరుతుంది. కానీ ఈ ఇసుక దారులకు పేర్లూ లేవు, గుర్తులూ లేవు. అది మా తోవ వెతుక్కుని వచ్చేలోపల గాలి తన పని కానిచ్చేస్తుంది.

అందుకని మా ఆయన మునీంద్ర ఒక జట్టు కట్టాడు. అందులో మా కుడి పక్క మజ్రాలో నీళ్ళ ట్యాంకర్ తోలే రాయచోటి ఖాజావలి, చుట్టుపక్కల తోటల్లోని కడప, అన్నమయ్య జిల్లాల వాళ్ళు కొందరు ఉండేవారు. ఎవరూ జీతమివ్వలేదు, ఎవరూ రమ్మనలేదు. ఫోన్లో ఒక గ్రూపు ఉండేది. పొగ కనిపించిన వాడు 'అగ్గి' అని పెట్టి, ఏ వైపో చెప్పేవాడు. ఖాజావలి ట్యాంకర్‌తో, మిగతా వాళ్ళు పారలతో, తడిపిన గోనెసంచులతో పరుగెత్తేవాళ్ళు. పచ్చి మట్టలతో బాది, ఇసుక పోసి, కాలని గడ్డిని దూరంగా లాగేసి, ఫైరింజన్ వచ్చేసరికి సగం పని ముగించి నల్లటి మొహాలతో కూర్చునేవాళ్ళు.

మా ఆయనకు ఈ పిచ్చి వాళ్ళ నాయన నుంచి వచ్చింది. లక్కిరెడ్డిపల్లె పక్కన మా ఊళ్ళో గడ్డివామికి నిప్పంటుకుంటే అందరూ కడవలు పట్టుకుని పరుగెత్తేవాళ్ళట, మా మామగారు మాత్రం కొడవలి పట్టుకుని పరుగెత్తేవాడట. "నీళ్ళు తర్వాత. ముందు పలుపు కోయాల. మనిషికి కాళ్ళుండాయి, కట్టేసిన గొడ్డుకు లేవు" అనేవాడు. మా ఆయన ఆ మాటను వేదంలా పట్టుకున్నాడు. జట్టు మొత్తానికి అదే నేర్పాడు.

ఇక నా సంగతి. నా పేరు మునిలక్ష్మి. మేమిద్దరం కువైట్‌కు వచ్చిన కొత్తలో ఆయన వఫ్రాలో, నేను ఫింటాస్‌లో ఒక ఇంట్లో పనికి. మొగుడూ పెళ్ళాలం ఒకే దేశంలో ఉండి, సెలవిచ్చిన శుక్రవారం ఫహాహీల్ బస్టాపులో కలుసుకుని, సముద్రం గట్టు మీద ఒక పొట్లం పల్లీలు తిని, ఎవరి బస్సు వాళ్ళు ఎక్కేవాళ్ళం. అట్లా ఏళ్ళు గడిచాయి. చివరికి ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అబూ మిషాల్ దయ తలిచి నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, కూడా తన పేరు మీదికి మార్చుకున్నాడు. ఈ మజ్రాలో మోటరు షెడ్డు పక్కన మాకొక గది ఇచ్చాడు. రేకుల కప్పు, మోత పెట్టే ఏసీ, తలుపు మూస్తే కాలికి తగిలే మంచం. ఆ గదిలో నేను మొదటిసారి ఆయనకు వేడి వేడి సంగటి వండి పెట్టాను. ఈ దేశంలో నేను సంపాదించుకున్నది ఏమైనా ఉందంటే ఆ గదే.

అందుకే ఆయన కంచె దాటి పరుగెత్తినప్పుడల్లా నా గుండె జారేది. "పరాయోళ్ళ తోటలో ఏదన్నా అయితే మనల్ని ఎవురు కాపాడతారు బావా?" అనేదాన్ని.

"అగ్గికి కంచె తెలుస్తాదా మే? ఈ పొద్దు వాళ్ళది, రేపు మనది" అనేవాడు.

కిందటేడు అబూ మిషాల్ స్నేహితుడి మజ్రా ఒకటి మా వాళ్ళ వల్ల మిగిలింది. ఆ వీడియో చూసి అబూ మిషాల్ ఉబ్బిపోయాడు. తన దివానియాలో, అంటే మగవాళ్ళంతా కూర్చుని కబుర్లు చెప్పుకునే గదిలో, ఆ వీడియో అందరికీ చూపించి "వీళ్ళు నా మనుషులు" అని చెప్పుకున్నాడు. మా ఆయనకు ఒక నారింజ రంగు కోటు కుట్టించి ఇచ్చాడు. చేతులు లేని కోటు, వెనక వీపు మీద పెద్ద పెద్ద అరబీ అక్షరాల్లో మా మజ్రా పేరు. మా ఆయన దాన్ని నన్ను కూడా ఉతకనిచ్చేవాడు కాదు. తనే ఉతికి, నీడన ఆరేసి, తలుపు వెనక మేకుకు తగిలించేవాడు. పెళ్ళి పంచెకు కూడా ఆ మర్యాద జరగలేదు.

ఈ ఏడు జూలైలో మా ఎడమ పక్క మజ్రాలో నిప్పు పడింది. అది అబూ నాసర్ అనే ఆయనది. ఆయనకు ఒక పొట్టేలుంది. పోటీల్లో గెలిచిన పొట్టేలు. దానికి షాంపూతో స్నానం, వేరే పాక, వేరే ఫ్యాను, మెడకు రంగు తాడు. మిగతా గొర్రెలన్నీ వల కంచె వేసిన దొడ్డిలో ఉంటే ఇది మాత్రం రాజుగారిలా విడిగా కట్టేసి ఉండేది. ఆ రోజు అక్కడి పనివాడు సెలవులో ఉన్నాడు. పాక వెనకున్న గడ్డి మోపులు అంటుకున్నాయి. గాలి పాక వైపే కొడుతోంది.

మా ఆయన కోటు తగిలించుకుని, కొడవలి పట్టుకుని కంచె దూకాడు. ఖాజావలి ట్యాంకర్ కోసం గేటు బార్లా తెరిచారు. మా ఆయన ముందు దొడ్డి వల కోశాడు. తర్వాత పొట్టేలు తాడు కోశాడు. ఆ తర్వాతే గోనెసంచి పట్టుకున్నాడు. పాక సగం కాలింది. చెట్లు నిలిచాయి, దొడ్డి నిలిచింది, ఒక్క గొర్రె వెంట్రుక కూడా కాలలేదు. కంచె ఇవతల నుంచి అంతా చూసిన నేను, నిజం చెప్పాలంటే, ఆ పూట మొగుణ్ణి చూసి గర్వపడ్డాను.

పొరపాటు ఎక్కడంటే, మా ఊళ్ళో పలుపు కోస్తే గొడ్డు ఎక్కడికి పోతుంది? బెదిరి చేలోకి పరుగెత్తి, పొద్దు వాలితే కుడితి బాన దగ్గరికి తనే వస్తుంది. మనిషి గొంతు దానికి తెలుసు, ఇంటి దారి దానికి తెలుసు. ఈ జీవాలు ఓడల్లో, లారీల్లో వచ్చినవి. వాటికి ఇల్లేది, దారేది? మాలాంటివే అవి కూడా. తెరిచిన గేటు గుండా ఇసుకలోకి పడి పరుగెత్తాయి. మా ఆయన సాయంత్రం దాకా "బా, బా, బా" అని మా ఊరి కూత వేస్తూ తిరిగాడు. ఆ కూత అర్థమైంది నాకొక్కదానికే. జట్టంతా కలిసి గొర్రెలన్నిటినీ తరిమి పట్టుకొచ్చారు. పొట్టేలు మాత్రం పెద్ద రోడ్డు పక్కన దొరికింది. ఏ లారీ గుద్దిందో, అప్పటికే దానిమీద ఈగలు ముసిరాయి.

అబూ నాసర్ పాకలో ఒక కెమెరా ఉంది. అది పొట్టేలు వైపు తప్ప ఇంకెటూ చూడదు. అందులో మంట పడలేదు, పొగ కూడా సరిగ్గా పడలేదు. పడిందల్లా ఒకటే. ఒక మనిషి కొడవలితో వచ్చి తాడు కోయడం, పొట్టేలు పారిపోవడం. ఆ మనిషి మొహం కనిపించదు గానీ వీపు బాగా కనిపిస్తుంది. వీపు మీద మా మజ్రా పేరు ఇంకా బాగా కనిపిస్తుంది. ఆ ముక్క రెండు రోజుల్లో దివానియాలన్నీ తిరిగింది. మునుపు చూపించిన వీడియో ఎవరికి గుర్తుంటుంది?

శుక్రవారం అబూ నాసర్ మా మజ్రాకు వచ్చాడు. బంగళాలో ఆయనా, అబూ మిషాలూ కూర్చున్నారు. కాఫీ పోయాల్సింది నేనే. ఇక్కడి కాఫీకి చిన్న చిన్న కప్పులుంటాయి. అతిథి చాలని కప్పు ఊపేదాకా మనం పోస్తూనే ఉండాలి. నేను ఇత్తడి కాఫీకూజా పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాను. అరబీ నాకు వచ్చని వాళ్ళకు తెలుసు. తెలిసినా ఒకటే, తెలియకపోయినా ఒకటే. గోడకు చెవులుంటే ఎవరు భయపడతారు?

"నేను నీ దగ్గర డబ్బు అడగను. మనది అన్నదమ్ముల లెక్క" అన్నాడు అబూ నాసర్. "కానీ నా తోటలోకి చొరబడి నా జీవాన్ని తోలేసినవాడు నా కళ్ళ ముందు తిరిగితే నాకు నిద్ర పట్టదు."

"వాడు మంచివాడే" అన్నాడు అబూ మిషాల్.

ఆ ఒక్క మాటకు నా ప్రాణం లేచి వచ్చింది. నేను కప్పులో కాఫీ పోశాను.

"మంచివాడే. కానీ నా కంచె దాటమని వాడికి నేను చెప్పలేదు" అన్నాడు అబూ మిషాల్ మళ్ళీ. "నీ మనసు కంటే నాకు వాడు ఎక్కువ కాదు. పంపించేస్తాను."

అబూ నాసర్ కప్పులో మిగిలింది తాగి, వేళ్ళ మధ్య కప్పును అటూ ఇటూ ఊపాడు. చాలు అని. నేను కప్పు అందుకున్నాను. నా మొగుడి బతుకు అంతటితో ఖలాస్. ఆబోతుల పోట్లాటలో లేగదూడలు నలుగుతాయంటారు. ఇక్కడ పోట్లాట కూడా జరగలేదు. ఇద్దరూ స్నేహంగా ఉండడానికే మమ్మల్ని నలిపారు.

మా ఆయన ఇఖామా క్యాన్సిల్ చేశారు. నేను మామా కాళ్ళ దగ్గర కూర్చున్నాను. మామా అంటే అబూ మిషాల్ భార్య; ఇక్కడ యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలుస్తాం. చెడ్డది కాదు, పిల్లలకు కుట్టిన బట్టలు పాతబడితే మా అక్క పిల్లలకు పంపమని ఇచ్చేది. "నన్ను కూడా పంపించు మామా" అన్నాను.

"నువ్వు పోతే వంటెవరు చేస్తారు లక్ష్మీ?" అంది ఆవిడ. నా తల నిమిరింది కూడా. "అబూ నాసర్ కోపం చల్లారనీ. చలికాలం రానీ. కొత్త వీసా తీసి నీ మొగుణ్ణి మళ్ళీ రప్పిస్తాం. దొడ్డి చూసుకోవడానికి మనిషి కావాలి కదా. అందాకా నువ్వు ఏ గొడవా తేవద్దు."

వరమిచ్చిన దేవుడు మాట మార్చినా పూజారిని పట్టుకుని వేలాడతాం కదా, నేనూ ఆ మాట పట్టుకుని వేలాడాను. మా ఆయనకు చెప్పాను. ఆయన గొర్రెలకు చివరిసారి నీళ్ళు పెడుతూ విన్నాడు.

"చలికాలమంటే ఎంతలే మే. నాలుగు నెల్లు. నువ్వు బాబా మాట దాటొద్దు" అన్నాడు. కోటు ఉతికి, ఆరేసి, మేకుకే తగిలించి ఊరికి పోయాడు.

ఆయన పోయిన వారానికి అబూ మిషాల్ నా ఫోన్‌కు మాట రికార్డు చేసి పంపాడు. "లక్ష్మీ, నేను చెప్పకుండా దేనికీ చెయ్యి పెట్టొద్దు. ఎవరిదైనా సరే, నాదైనా సరే. ముందు నాకు ఫోన్ చెయ్, తర్వాతే ఏదైనా." మిగతా మజ్రాల యజమానులు కూడా భయపడ్డారు. ఖాజావలి వాళ్ళ బాబా ట్యాంకర్ తాళం చెవి తనతోపాటు ఊళ్ళోకి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. జట్టు గ్రూపులో 'అగ్గి' అన్న మాట మళ్ళీ రాలేదు. పొద్దున్నే ఎవరో ఒకరు గులాబీ పువ్వు బొమ్మ పెట్టి శుభోదయం చెబుతారు. అంతే.

ఆగస్టు ఆఖర్లో మా దొడ్డికి నిప్పు పడింది.

మధ్యాహ్నమే. వేడిగాలి ఇసుకను ఎత్తి కొడుతోంది. మోటరు వైరు దగ్గర టపటపమని శబ్దం వచ్చి నేను గది తలుపు తీసేసరికి గడ్డి షెడ్డు వెనక పొగ. అబూ మిషాల్, మామా, పిల్లలు వేసవికి వేరే దేశం పోయారు. మజ్రాలో నేనొక్కదాన్నే. ముందు ఫైరింజన్‌కు ఫోన్ చేశాను, మేమెక్కడున్నామో ఫోన్లోనే పంపాను. బయల్దేరుతున్నామన్నారు. తర్వాత అబూ మిషాల్‌కు చేశాను. మోగింది, ఎత్తలేదు. మామాకు చేశాను. ఎత్తలేదు. "బాబా, దొడ్డి దగ్గర నిప్పు. వల కోయనా?" అని మాట పంపాను.

అప్పటికే నా చేతిలో కొడవలి ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో నాకు తెలియదు.

కంచె అవతల ఖాజావలి పరుగెత్తుకుంటూ వచ్చాడు. వెనక ట్యాంకర్ నిండుగా నిలబడి ఉంది, కానీ తాళం లేదు. మొక్కలకు నీళ్ళు పట్టే పైపు లాక్కొచ్చి కంచె మీంచి చిమ్మాడు. ఆ నీళ్ళు మా చెట్ల దాకా కూడా రాలేదు.

"అక్కా, దూకొచ్చేదా?" అని అరిచాడు.

మా ఆయన పోయిన దారే ఇతనికీ పడుతుందని భయమేసింది. అతనికి ఇద్దరు ఆడపిల్లలు. "వద్దు నాయనా. నువ్వు ఆడనే ఉండు" అన్నాను.

"అట్లయితే నువ్వన్నా వల కోయి అక్కా. నీ చేతిలోనే ఉండాది కదా కొడవలి."

దొడ్డి దగ్గరికి పోయాను. గేటుకు అబూ మిషాల్ పోతూ పోతూ వేసిన కొత్త తాళం ఉంది, మేత కూడా నేను వల మీంచే వేస్తున్నాను. వల మాత్రం అదే పాత నైలాన్ వల, రెండు వేట్లకు తెగుతుంది. గొర్రెలన్నీ నా వైపు మూలకు వచ్చి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మా ఆయన చేత్తో గింజలు తినిపించి పెంచిన గొర్రె ఒకటి వలలోంచి మూతి పెట్టి నా చేతిని నాకింది. గింజలు తెచ్చాననుకుంది.

వల కోస్తే అవి ఎటు పోతాయి? కంచె సందుల్లోంచి అబూ నాసర్ తోటలోకా, పెద్ద రోడ్డు మీదికా? ఒక్కటి లారీ కింద పడితే చాలు, నేను గొడవ తెచ్చినట్టే. చలికాలం నాకు లేనట్టే. కోయకపోతే? చెప్పింది విన్నట్టు. ఫోన్ చేతిలో పట్టుకుని మళ్ళీ మళ్ళీ చేశాను. ప్రతిసారీ మోగింది. మంట షెడ్డు దాటి దొడ్డి రేకుల మీదికి వచ్చింది. వేడికి నిలబడలేక నేను వెనక్కి వచ్చాను. ఖాజావలి కంచె పట్టుకుని ఏడుస్తున్నాడు. గొర్రెల అరుపు గురించి నేను చెప్పను. విన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు, విననివాళ్ళకు చెప్పినా ఒకటే.

ఫైరింజన్ వాళ్ళు వచ్చి చెట్లనూ బంగళానూ కాపాడారు. ఒకాయన దొడ్డి చూసి, నా చేతిలోని కొడవలి చూసి, ఏమీ అడగకుండా నాకొక నీళ్ళ సీసా ఇచ్చాడు. అడిగి ఉంటే బాగుండేది.

సాయంత్రం అబూ మిషాల్ ఫోన్ చేశాడు. సముద్రంలో ఈతకు పోయి ఫోన్లు హోటల్లో పెట్టారట. నేను జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"నీ తప్పేమీ లేదు లక్ష్మీ. నిప్పు దేవుడి పని. నువ్వు నా మాట విన్నావు, మంచిదానివి" అన్నాడు.

గొర్రెలను బతికించినవాడు దొంగ, కాలుతుంటే చూస్తూ నిలబడినది మంచిది. ఈ న్యాయం ఎవరు రాశారో గానీ వాళ్ళ చేతులకు పుళ్ళు పుట్టాలి. నేను ఆ మాట అనలేదు. మేలు చెప్పినట్టు "షుక్రన్ బాబా" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేయకుండా ఇంకొక మాట చెప్పాడు, చాలా మామూలుగా, సరుకుల సంగతి చెప్పినట్టు.

"ఇంక గొర్రెల జోలికి పోను. ఆ చోట పిల్లలకు ఈతకొలను కట్టిస్తాను. ఇక దొడ్డికి మనిషి అక్కర్లేదు, నీకూ పని తగ్గుతుంది."

నేను గదిలోకి వచ్చి మంచం మీద కూర్చున్నాను. తలుపు వెనక మేకుకు నారింజ కోటు వేలాడుతోంది. నా చేతులతో నేనే మా ఆయన పనిని కాల్చుకున్నాను, అదీ ఆయన్ను రప్పించుకోవడానికి.

ఆయన ఫోన్ రోజూ వచ్చే వేళకే వచ్చింది. ఖాజావలి ముందే చెప్పేశాడట.

"నీకేం కాలేదు కదా మే?"

"కాలేదు."

"జీవాలు?"

"యా ఒగటీ మిగల్లేదు."

 అడగలేక అడిగినట్టు అడిగాడు. "కొడవలి దొరకలేదా?"

"చేతిలోనే ఉండె బావా. కోయలేదు."

తిట్టాలని ఎంత కోరుకున్నానో. వాళ్ళ నాయన కొడుకు కదా, నోరులేని జీవాలను చంపినావు కదే అని ఒక్క మాట అంటే నా గుండె బరువు దిగి ఉండేది.

"మంచి పని చేసినావు మే" అన్నాడు ఆయన. "మనకెందుకు."

మనకెందుకు అన్న మాట ఆ మనిషి నోట నేనెన్నడూ వినలేదు. దొడ్డి కాలినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఆయన మాట మార్చాడు. "సరే గానీ, ఆడ చలికాలం యా నెల్లో మొదలవుతాది? నాకు మతికి రావడం లేదు."

పన్నెండు చలికాలాలు ఈ వఫ్రాలోనే గడిపిన మనిషి. మతికి లేకపోవడమేమిటి.

"ఇంకా చానా దూరముండాది బావా" అన్నాను.